పదివేల కిలోమీటర్లా, పన్నెండు నెలలా?
కొత్త కారు ఇంజన్ ఆయిల్ గురించి ఆలస్యంగా నేర్చుకున్న పాఠం

2023 నవంబరులో ఒక ఆదివారం ఉదయం మేము కుటుంబ సమేతంగా దిల్‌సుఖ్‌నగర్ నుండి సూర్యాపేటకు బయలుదేరాము. దగ్గరి బంధువుల ఇంట వలీమా. ఇల్లు కదలడమే గంట ఆలస్యమయింది. ఎల్.బి.నగర్ కూడలి, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటి విజయవాడ రహదారి పట్టిన తర్వాత, పోయిన సమయాన్ని రాబట్టుకోవాలని వేగం పెంచాము. పంతంగి టోల్‌గేటు దాటిన కొద్దిసేపటికి స్పీడోమీటరు ప్రక్కన ఎర్రటి దీపం ఒకటి వెలిగింది. కుట్టు మిషనుకు నూనె వేసే డబ్బా ఆకారంలో, ముక్కు చివర ఒక చుక్కతో ఉండే గుర్తు అది.

"ఏమండీ, ఆ ఎర్ర దీపమేమిటి?" అని మా ఇంటావిడ అడిగింది.

"చిట్యాలలో ఆపి చూద్దాంలే" అన్నాము.

చిట్యాల చేరనే లేదు. ముందు ఇంజన్ లోపల నుండి గరిటెతో గిన్నెను కొడుతున్నట్లు టకటక శబ్దం వినిపించింది. ఆ తర్వాత బండి ఒక్క కుదుపుతో ఆగిపోయింది. పిల్లలను రోడ్డు ప్రక్కన వేపచెట్టు క్రింద నిలబెట్టి బానెట్ ఎత్తి, ఆయిల్ గేజ్ బయటికి లాగి చూశాము. దాని కొనకు తడి కూడా లేదు.

ఆ రోజు వలీమాకు పిల్లలు బంధువుల బండిలో వెళ్లారు. మేము మాత్రం కారును లారీపై ఎక్కించుకొని ఎల్.బి.నగర్‌కు తిరిగి వచ్చాము. హాఫ్ ఇంజన్ పని పడింది. మా పెద్దమ్మాయి ఇంటర్ రెండవ సంవత్సరం ఫీజు కోసం దాచిన సొమ్ములో చాలా భాగం క్రాంక్ షాఫ్టుకూ, బేరింగులకూ, కూలీకీ వెళ్లిపోయింది. అమ్మాయి నోరు తెరచి ఏమీ అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ కలిగించింది. కళాశాల వారిని బతిమాలి ఫీజును మూడు వాయిదాలుగా కట్టుకున్నాము.

ఇందులో కారు తయారుచేసిన వారి తప్పు లేదు. మెకానిక్ తప్పు అంతకంటే లేదు. తప్పు మాది. అది మూర్ఖత్వంతో చేసిన తప్పయితే ఈ వ్యాసం వ్రాసే అవసరం ఉండేది కాదు. లెక్క చూసుకొని, కాగితం చదివి, సరిగానే ఉన్నామని నమ్మి చేసిన తప్పు అది. మా వీధిలోనే మరి కొన్ని ఇళ్లలో ఇదే లెక్క నడుస్తున్నదని తర్వాత తెలిసింది.

ఆ లెక్క ఇలా ఉండేది. కారు 2021 ఫిబ్రవరిలో కొన్నాము. మొదటి నెలలో ఒకటి, ఆరు నెలలకు మరొకటి, రెండు ఉచిత సర్వీసులు చేయించాము. ఆ రెండింటిలోనూ ఆయిల్ స్థాయి చూశారే తప్ప మార్చలేదు. షెడ్యూలు ప్రకారం మార్చవలసింది మూడవ సర్వీసులో. సర్వీసు పుస్తకంలో "10,000 కిలోమీటర్లు" అని ఉంది. మా బండి తిరిగేది తక్కువ. ఏడాది గడిచేసరికి మూడు వేల పైచిలుకు కిలోమీటర్లే తిరిగింది. పదివేలు రావడానికి ఇంకా చాలా దూరం ఉంది కదా అనుకున్నాము. సర్వీసు గడువు వచ్చిందని ఫోనుకు సందేశాలు వస్తూనే ఉండేవి. బేరం కోసం పంపుతున్నారని వాటిని తుడిచివేశాము. బండి ఆగిపోయిన రోజున మీటరు 9,140 చూపిస్తున్నది. కొని ముప్పై మూడు నెలలయింది. షోరూమ్ నుండి బయటికి వచ్చిన రోజున ఇంజన్‌లో ఉన్న ఆయిలే ఆనాటికీ ఉంది, మిగిలిన కాస్తా.

మూడేళ్ల వారంటీలో ఇంకా మూడు నెలలు మిగిలి ఉన్నాయి. అయినా సర్వీసు పుస్తకంలో మూడవ గడి ఖాళీగా ఉండటం చూపించి వారంటీ వర్తించదన్నారు. వాదించడానికి మా దగ్గర మాట లేదు. పదివేల కిలోమీటర్ల ప్రక్కనే, అదే వరుసలో, "లేదా 12 నెలలు, ఏది ముందైతే అది" అని అచ్చయి ఉంది. ఆ వాక్యాన్ని మేము చదివాము. చదివి కూడా, ఎక్కువ తిరిగే వారికి కిలోమీటర్లు, తక్కువ తిరిగే వారికి ఎలాగూ తొందర లేదు అని అర్థం చేసుకున్నాము. నిజానికి ఆ నెలల లెక్క పెట్టిందే తక్కువ తిరిగే బండ్ల కోసం.

కారు ఎల్.బి.నగర్ షెడ్డులో విప్పి ఉండగా మా ఇంట్లో ఒక వాదం నడిచింది. మా చాచా ఒకప్పుడు అంబాసిడర్ టాక్సీ నడిపి కుటుంబాన్ని పోషించిన మనిషి. "బేటా, మూడు వేలకు ఆయిల్ మార్చని బండి ఎలా బతుకుతుంది? నేను నా బండికి ఒక్కసారి తప్పలేదు" అన్నారు. ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు, "అది ఆనాటి మాట చాచా. ఇప్పటి ఇంజన్లు వేరు, ఆయిల్ వేరు. మూడు వేలకు మార్చడం డబ్బును మోరీలో పోయడమే" అన్నాడు. ఎవరి మాట నిజం? కొంత తెలుసుకున్న తర్వాత మాకు అనిపించిందేమిటంటే, చాచా చెప్పిన అంకె పాతబడింది గాని, ఆ అంకె వెనుక ఉన్న జాగ్రత్త పాతబడలేదు. మేనల్లుడి అంకె సరైనదే గాని, అది ఏ రకమైన ప్రయాణానికి వర్తిస్తుందో అతడు చూసుకోలేదు.

చాచా కాలపు ఇంజన్లకు కార్బురేటరు ఉండేది. పొద్దున్నే చోక్ లాగి స్టార్టు చేస్తే అవసరానికి మించి పెట్రోలు లోపలికి వెళ్లేది. కాలని పెట్రోలు సిలిండరు గోడల వెంట జారి క్రింది ఛాంబర్‌లోని ఆయిల్‌లో కలిసేది. ఆనాటి ఆయిల్ ముడిచమురు నుండి తీసిన మామూలు మినరల్ ఆయిల్. వేడికి త్వరగా చిక్కబడి జిడ్డుగా మారేది. మూడు వేలకు మార్చడం ఆ రోజుల్లో వివేకమే. తర్వాత పెట్రోలును కంప్యూటరు కొలిచి చిమ్మే ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. సింథటిక్ ఆయిళ్లు వచ్చాయి. ఇంజన్ భాగాలను మరింత నున్నగా, కచ్చితమైన కొలతలతో చేయడం మొదలయింది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బి.ఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఈనాడు మన దేశంలో అమ్ముడయ్యే చిన్న పెట్రోలు కార్లలో ఎక్కువ వాటికి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని గడువు ఉండటానికి కారణాలు ఇవే. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లకు 15,000 కూడా ఇచ్చాయి. ఏడాది అన్న హద్దును మాత్రం సాధారణంగా ఎవరూ పెంచలేదు.

ఇంజన్‌లో ఆయిల్ ఏమి చేస్తుందో తెలిస్తే ఈ హద్దు ఎందుకో అర్థమవుతుంది. ఒరుసుకునే ఇనుప భాగాల మధ్య పలుచని పొరగా నిలిచి అరగకుండా చూడటం దాని మొదటి పని. అంతటితో ఆగదు. నీరు చేరలేని చోట్ల నుండి వేడిని మోసుకొస్తుంది. మసినీ, లోహపు రజనునూ తనలో పట్టి ఉంచి ఫిల్టరు దాకా తెస్తుంది. పిస్టన్ రింగుల చుట్టూ సందులను మూస్తుంది. ఆమ్లాలను విరిచి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఈ పనులన్నీ నూనె ఒక్కటే చేయలేదు. అందులో కలిపిన రసాయనాలు చేస్తాయి. అవి పని చేసిన కొద్దీ ఖర్చవుతాయి. కాబట్టి గేజ్ మీద ఆయిల్ నల్లబడటం చూసి కంగారు పడనవసరం లేదు. మసిని పట్టి ఉంచుతున్నదని దాని అర్థం. డీజిల్ బండిలో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. ఆయిల్ పాలవలె తెల్లగా, నురగగా కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయరాదు. లోపలికి నీరు చేరుతున్నదన్నమాట.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. ఒక లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు ఒక లీటరు నీరు పుడుతుంది. ఆవిరి రూపంలో పుట్టే ఆ నీటిలో అధిక భాగం సైలెన్సరు గుండా పోతుంది. కొద్ది భాగం పిస్టన్ రింగులను దాటి క్రింది ఆయిల్‌లోకి దిగుతుంది. దానితో పాటు కాలని పెట్రోలు కూడా కొద్దిగా చేరుతుంది. ఆయిల్ బాగా వేడెక్కి కొంతసేపు ఆ వేడిలో తిరిగితే ఈ రెండూ ఆవిరై వెళ్లిపోతాయి. విజయవాడకు వెళ్లే కారులో జరిగేది అదే. దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్‌కు వెళ్లే కారులో అలా జరగదు.

మా రోజువారీ దారి అదే. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి.నగర్. మెట్రోలో నాలుగు స్టేషన్లు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో మొదలయినప్పుడు ఇక కారుతో పనేమిటని అందరమూ అనుకున్నాము. పిల్లల బడి, వృద్ధురాలైన మా అమ్మీ ఆసుపత్రి, మా ఇంటావిడ బడి ఉద్యోగం, ఇవన్నీ మెట్రో స్తంభాల వరుసలో లేవు కాబట్టి చివరికి కారు కొన్నాము. దూరం చూస్తే నాలుగు కిలోమీటర్ల చిల్లర. పొద్దున బడి వేళ, సాయంత్రం కోచింగ్ సెంటర్లు వదిలే వేళ ఆ నాలుగు కిలోమీటర్లకు ఇరవై నిమిషాలు పడుతుంది. కదలిక కంటే నిలకడే ఎక్కువ. ఉష్ణోగ్రత ముల్లు మధ్యకు వచ్చి ఇంజన్ వేడెక్కినట్లు చూపిస్తుంది, నిజమే. అది చూపేది రేడియేటరు నీటి వేడిని. ఆయిల్ వేడెక్కడానికి అంతకంటే ఎక్కువ సమయం కావాలి. అది వేడెక్కబోయే లోపు మేము బండి ఆపేస్తాము. సాయంత్రం మళ్లీ మొదటి నుండి మొదలు.

కిలోమీటర్ల లెక్క ఎందుకు మోసం చేస్తుందో ఒక చిన్న గుణకారంతో చూడవచ్చు. ఇరవై నిమిషాలకు నాలుగు కిలోమీటర్లంటే గంటకు పన్నెండు. ఆ వేగంతో 10,000 కిలోమీటర్లు తిరగాలంటే ఇంజన్ 833 గంటలు నడవాలి. రహదారిపై గంటకు అరవై చొప్పున పోయే బండికి అదే 10,000 కిలోమీటర్లకు 167 గంటలు చాలు. మీటరు మీద అంకె ఒక్కటే. ఇంజన్ చేసిన చాకిరీ అయిదింతలు. సిగ్నల్ దగ్గర ఏ.సి. వేసుకొని నిలబడిన ప్రతి నిమిషం ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ అరుగుతూనే ఉంటుంది, మీటరు మాత్రం నిద్రపోతుంది.

ఈ విషయం కంపెనీలకు తెలియనిది కాదు. కారుతో పాటు ఇచ్చే పుస్తకంలో మామూలు షెడ్యూలు తర్వాత "కఠిన పరిస్థితులు" అన్న శీర్షికతో మరొక పట్టిక ఉంటుంది. మాటిమాటికీ తక్కువ దూరపు ప్రయాణాలు, ఆగుతూ సాగే రద్దీ, ఎక్కువసేపు ఇంజన్ ఆన్‌లో ఉంచి నిలబడటం, దుమ్ము రోడ్లు. ఇలాంటి వాటికి చాలా కంపెనీలు గడువును దాదాపు సగానికి తగ్గించమంటాయి. ఆ జాబితా చదువుతుంటే మా వీధి వర్ణన చదువుతున్నట్లే అనిపించింది. మనం మామూలు అనుకునే తిరుగుడే వారి దృష్టిలో కఠినం. ఆ పుట తెరిచి చూసిన వారిని మేము ఇంతవరకు ఇద్దరినే కలిశాము. వారిలో ఒకరు మా ఉస్తాద్.

ఎల్.బి.నగర్ నుండి సాగర్ రింగ్ రోడ్డు వైపు వెళ్లే దారిలో ఒక రేకుల షెడ్డు ఆయనది. చదువు ఏడవ తరగతితో ఆగింది. ఇంజన్ విప్పిన రోజున మమ్మల్ని పిలిచి ఒక చిన్న జాలిని చేతిలో పెట్టారు. ఆయిల్ పంపు ఛాంబర్ నుండి ఆయిల్‌ను పీల్చుకునే చోట ఉండే జాలి అది. కన్నాలు సగానికి పైగా నల్లటి జిడ్డుతో మూసుకుపోయి ఉన్నాయి. పాత బాండీ అడుగున పేరుకొన్న నూనె మడ్డి వలె ఉంది.

"చూడండి సాబ్, ఊళ్లో మెల్లగా తిరిగినన్నాళ్లు ఈ కాస్త సందులో నుండే ఆయిల్ పైకి వచ్చింది. హైవేలో మీరు తొక్కారు. అక్కడ ఎక్కువ కావాలి. ఉన్నదే తక్కువ, దారి కూడా మూసుకుపోయింది. బేరింగులు ఎండిపోయాయి" అన్నారు.

"ఎర్ర దీపం వెలిగినప్పుడు ఆపి ఉంటే, ఉస్తాద్?"

"ఆ నిమిషమే ఇంజన్ ఆపి ఉంటే, బహుశా ఛాంబర్ విప్పి కడిగి, ఆయిల్, ఫిల్టరు మార్చి పంపేవాడిని" అన్నారాయన.

ఇంజన్ ఆకారంలో ఉండే పసుపు దీపం వెలిగితే మెల్లగా ఇంటికి చేరి చూపించుకోవచ్చు. ఎర్రటి నూనె డబ్బా దీపం వెలిగితే మాత్రం బండిని వెంటనే రోడ్డు ప్రక్కకు తీసి ఇంజన్ ఆపాలి. అది ఆయిల్ తగ్గిందని ముందుగా చేసే హెచ్చరిక కాదు. ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని, భాగాలకు అందడం లేదని చెప్పే చివరి కబురు. ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ, లైసెన్సు కొత్తగా తీసుకున్న పిల్లలకు ముఖ్యంగా, ఈ రెండు దీపాల తేడా చూపించి ఉంచండి.

అసలు ఆ దీపం దాకా రాకుండా చూసేది గేజ్. నెలకొకసారి రెండు నిమిషాలు చాలు. బండి సమతలంగా ఉన్న చోట నిలిపి, ఇంజన్ ఆపిన అయిదు పది నిమిషాల తర్వాత గేజ్ లాగి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయాలి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. చిన్న కార్లలో ఈ రెండు గుర్తుల మధ్య తేడా దాదాపు ఒక లీటరు. కొత్త ఇంజన్ కూడా కొద్దికొద్దిగా ఆయిల్‌ను కాల్చుకుంటుంది. అది లోపం కాదు. పై గుర్తును దాటించి పోయడం కూడా తప్పే. క్రాంక్ దానిని చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగును కాపాడలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఈ పని మా ఇంటావిడది. మాకంటే శ్రద్ధగా చేస్తుందన్నది ఇల్లంతా ఒప్పుకున్న సంగతి.

అయితే ఎన్నాళ్లకు మార్చాలి? మా ఇంటి వంటి ఇల్లు, అంటే రోజూ నాలుగైదు కిలోమీటర్లు వెళ్లి వచ్చే పెట్రోలు కారు, ఏడాదికి నాలుగైదు వేలు మించని తిరుగుడు ఉన్న ఇల్లు, కిలోమీటర్లను మరచిపోయి ఏడాదికి ఒకసారి తప్పకుండా మార్చాలి. ఉస్తాద్ ఆరు నెలలకే మార్చమన్నారు. కఠిన పరిస్థితుల పట్టిక కూడా చాలా పుస్తకాల్లో అంత దగ్గరికే వస్తుంది. నెలకు ఒకటి రెండుసార్లు అవుటర్ రింగ్ రోడ్డు మీదనో, ఊరికో గంటసేపు ఆగకుండా నడిపే అలవాటు ఉంటే ఏడాది చాలునని మా అభిప్రాయం. ఆ అలవాటు లేకపోతే ఆరు నెలలకు మార్చడం వృథా ఖర్చు కాదు. దిల్‌సుఖ్‌నగర్ నుండి నగరం అవతలి ఐ.టి. కార్యాలయాలకు రోజూ కారులో వెళ్లే వారి సంగతి వేరు. వారికి ఏడాది నిండక ముందే పదివేలు నిండుతాయి, ఆ దారిలో సగం రద్దీయే. ఏడెనిమిది వేల దగ్గర మార్చుకుంటే నిశ్చింతగా ఉంటుంది. నల్లగొండ, ఖమ్మం, విజయవాడ రహదారులపై ఎక్కువగా తిరిగే వారు మాత్రం పుస్తకంలోని పదివేలనో, పదిహేను వేలనో నిశ్చింతగా పాటించవచ్చు. అలాంటి వారికి మూడు వేలకే మార్చమని ఎవరైనా చెబితే వినవలసిన పని లేదు. మేనల్లుడు అక్కడ గెలిచాడు.

టర్బో ఉన్న చిన్న పెట్రోలు ఇంజన్లకు కొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలి. టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగగలదు, దాని బేరింగుకు ఆధారం ఆయిలే. బి.ఎస్-6 డీజిల్ కార్లది మరొక సమస్య. వాటి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది నిండినప్పుడు అదనంగా డీజిల్ చిమ్మి, ఆ వేడితో మసిని కాల్చివేస్తుంది. ఆ పని పూర్తి కావాలంటే బండి కొంతసేపు ఒకే వేగంతో పోవాలి. ఎల్.బి.నగర్ రద్దీలో అది మధ్యలోనే ఆగిపోతుంది. కాలని డీజిల్ ఆయిల్‌లోకి దిగి, గేజ్ మీద మట్టం పెరుగుతుంది! ఆయిల్ పెరిగిందని సంతోషించిన పెద్దమనిషి ఒకరు మాకు తెలుసు. రోజుకు నాలుగు కిలోమీటర్ల పనికి డీజిల్ కారు కొనవద్దని మొహమాటం లేకుండా చెబుతున్నాము.

ఎంత తరచుగా అన్నదానితో పాటు ఏది పోయాలన్నది కూడా అంతే ముఖ్యం. డబ్బా మీద 0డబ్ల్యు-16, 5డబ్ల్యు-30, 20డబ్ల్యు-50 అని అంకెలు ఉంటాయి. మొదటి అంకె ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలికగా పారుతుందో చెబుతుంది. అంకె చిన్నదయిన కొద్దీ తేలిక. రెండవది వేడిలో దాని చిక్కదనం. కొత్త పెట్రోలు ఇంజన్లు కొన్నింటికి నీళ్లవలె పలుచగా ఉండే 0డబ్ల్యు-16 చెప్పారు. దానిని చూసి మా చాచా, "ఇది ఆయిలా, షర్బతా?" అన్నారు. మన ఎండలకు చిక్కటి ఆయిల్ మంచిదన్న నమ్మకం షెడ్డులలో ఇంకా ఉంది. ఆనాటి ఇంజన్లలో సందులు వెడల్పు, అందుకు చిక్కనిది కావలసి వచ్చేది. ఈనాటి ఇంజన్లలో ఆ సందులు సన్నవి. పైగా వాల్వుల సమయాన్ని మార్చే యంత్రాంగం కూడా ఆయిల్ ఒత్తిడితోనే నడుస్తుంది. పుస్తకంలో ఏది ఉంటే అదే పోయించండి. దానితో పాటు ఫిల్టరు, డ్రైన్ బోల్టు వాషరు కూడా మార్పించండి. పాత ఫిల్టరు ఉంచి కొత్త ఆయిల్ పోయడం, మురికి బట్టలు తీయకుండా స్నానం చేసినట్లుంటుంది.

అంగడిలో నకిలీ ఆయిల్ ఉంది. పేరున్న కంపెనీల ఖాళీ డబ్బాలలో ఏదో పోసి మళ్లీ అమ్మే వారున్నారు. అందుకే కంపెనీ అధీకృత దుకాణంలో బిల్లుతో కొనడం, సీలు మీ కళ్ల ముందే తీయించడం, పని అయిన తర్వాత ఖాళీ డబ్బాకు స్క్రూడ్రైవరుతో కన్నం పెట్టి ఇవ్వడం మంచిది. ఉస్తాద్ ఈ పని తానే చేస్తారు. "ఈ డబ్బా ఎవరి ఇంటికి వెళ్లి ఎవరి ఇంజన్‌ను చంపుతుందో, ఆ పాపం నాకెందుకు" అంటారు. సర్వీసు కేంద్రాలలో బిల్లు చివర వచ్చి చేరే ఇంజన్ ఫ్లష్, ఇంజన్ డ్రెస్సింగ్, ఆయిల్‌లో కలిపే బలవర్ధకాల గురించి ముందే అడగండి. పుస్తకంలో లేని వాటికి "వద్దు" అనే హక్కు మనకు ఉంది. బయట షెడ్డులో చేయించినా బిల్లు, తేదీ, మీటరు అంకె, ఆయిల్ రకం వ్రాయించి దాచండి. వారంటీ ఉన్నన్నాళ్లు మాత్రం కంపెనీ కేంద్రంలోనే చేయించి ముద్ర వేయించుకోవడం మేలని, మూడవ గడి ఖాళీగా ఉంచిన వారిగా చెబుతున్నాము.

తీసిన పాత ఆయిల్ ఏమవుతుంది? మూడు నాలుగు లీటర్లే కదా అనిపిస్తుంది. మన ప్రాంతపు మోరీలు వానాకాలంలో సరూర్‌నగర్ చెరువు వైపు, మూసీ వైపు పారేవే. వాడిన ఆయిల్ చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం. 2016 నాటి నిబంధనలు దానిని సేకరించి, అనుమతి ఉన్న చోట శుద్ధి చేయించాలంటాయి. 2024 ఏప్రిల్ 1 నుండి ఆ బాధ్యతలో ఆయిల్ తయారీదారులకు కూడా వంతు పెట్టారు. మన వంతుగా "తీసిన ఆయిల్ ఎక్కడ పోస్తారు?" అని షెడ్డులో ఒక్క ప్రశ్న అడిగితే చాలు. మా ఉస్తాద్ దగ్గర మూలన ఒక పీపా ఉంటుంది. నిండినప్పుడు కొనుగోలుదారు వచ్చి తీసుకుపోతాడు. చాచా హయాంలో దానిని చెక్క తలుపులకు చెదలు పట్టకుండా పూసేవారట. పిల్లలు తాకే చోట ఆ పని చేయకండి. కాలిన ఆయిల్ చర్మానికి మంచిది కాదు. ఉస్తాద్ దగ్గర పని చేసే కుర్రవాడికి చేతి తొడుగుల జత కొనిచ్చి వచ్చాము. ఎన్నాళ్లు వాడాడో తెలియదు.

ఇక గుర్తు పెట్టుకోవడం. ఫోను సందేశాలను తుడిచే అలవాటు మాకు పోలేదు. అందుకే మా ఇంటావిడ మరొక దారి కనిపెట్టింది. షాబాన్ నెలలో ఎలాగూ ఇల్లు దులుపుతాము, రంజాన్ సరుకులు తెచ్చుకుంటాము. అదే వారంలో కారు ఆయిల్ కూడా. వంటింటి గోడ మీద హిజ్రీ కేలండరులో ఆ తేదీ క్రింద ఎర్ర సిరాతో మీటరు అంకె వ్రాస్తుంది. హిజ్రీ సంవత్సరం 354 రోజులే కాబట్టి, ఇంగ్లీషు లెక్కలో పన్నెండు నెలలు నిండడానికి పది పదకొండు రోజుల ముందే పని అయిపోతుంది, ఏ ఏడూ గడువు దాటదు. రంజాన్‌లో ఇఫ్తార్ వేళ బండ్లన్నీ ఒకేసారి రోడ్డు మీదికి వచ్చి, మలక్‌పేట నుండి కొత్తపేట దాకా అంగుళం అంగుళంగా కదిలే ఆ నెలంతా ఇంజన్‌లో తాజా ఆయిల్ ఉంటుంది. ఆరు నెలలకు, సఫర్ నెలలో, మరొక గుర్తు ఉంది. ఆ వేళకు అవుటర్ రింగ్ రోడ్డు ప్రయాణాలు ఎన్ని చేశామో చూసుకొని, మార్చాలా వద్దా అన్నది తేల్చుకుంటాము.

క్రిందటి షాబాన్‌లో ఆయిల్ మార్పించుకొని వచ్చిన సాయంత్రం చాచా గుమ్మంలోనే ఆపి, "ఎన్ని కిలోమీటర్లకు మార్చావు బేటా?" అని అడిగారు.

"మూడు వేల రెండు వందలకు, చాచా" అన్నాము.

ఆయన మేనల్లుడి వైపు ఒకసారి చూసి, చాయ్ తెమ్మని లోపలికి కేక వేశారు.